ముందు వరుసలో ఆరువందల మంది

పోయిన వారం నాగేందర్‌ను సూర్యాపేటలో తన దుకాణం మెట్ల మీద వదిలిపెట్టాం. చేతిలో కారు తాళం, బుర్రలో మింగుడుపడని ఒక అంకె. ఆ అంకె ఆరువందలు.

సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఊళ్లలో ఒక్కో కంప్యూటర్ మిషన్ పెట్టి, మూడింటినీ ఒక్క జట్టుగా కట్టి, వాటి మీద ‘వరుస’ అనే అప్లికేషన్ నడపాలని నాగేందర్ పూనుకున్నాడు. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్‌లో టోకెన్ తీసుకోవాలి. తన నెంబరు వచ్చిన పూటకే వడ్ల ట్రాక్టర్‌తో మిర్యాలగూడ మిల్లులకు బయలుదేరాలి. మొదటి టోకెన్లు ఈరోజే, సాయంత్రం నాలుగింటికి. పొద్దున ట్రయల్ వేసి చూస్తే అంజమ్మ అనే రైతుకు నలభై ఒకటో నెంబరు వచ్చింది. గంట తిరిగేసరికి ఆమె ఫోన్‌లో అదే టోకెన్ ఆరువందల నలభై ఒకటి అయి కూర్చుంది. నాగేందర్ ఇంకో పది మందికి ఫోన్ చేశాడు. ఎవరిది చూసినా సరిగ్గా ఆరువందలు వెనక్కి జరిగింది.

ముప్పై ఏళ్లుగా కమీషన్ దుకాణం నడుపుతున్న మనిషి అతను. తూకం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తే కాంటా పాతదైందని సరిపెట్టుకుంటాడు. ప్రతి బస్తాకూ ఒకే తరుగు వస్తే మాత్రం కాంటాను చూడడు, కాంటా పక్కన నిలబడ్డ మనిషిని చూస్తాడు.

ఆ మనిషి ఎవరో చూద్దామనే మిర్యాలగూడ దారి పట్టాడు.

మధ్యాహ్నం ఒకటిన్నరకు మధుసూదన్ మిల్లు గేటు దాటాడు. మధుసూదన్ అతని భార్యకు అన్న. మిర్యాలగూడ మిషన్‌కు చోటు ఇచ్చిందీ, కరెంటు ఇచ్చిందీ ఆయనే. వేబ్రిడ్జి పక్కన చిన్న గది. ఉడకబెట్టిన వడ్ల వాసన గోడలకు పట్టేసి ఉంది. ఖాళీ గోనెసంచుల దొంతర మీద చెక్క వేసి, దాని మీద మిషన్ పెట్టారు. ఊకదుమ్ము లోపలికి పోకుండా దాని ఫ్యాన్‌కు దోమతెర గుడ్డ కట్టి ఉంది. అది కట్టింది నవనీత. నాగేందర్ అన్న గోపయ్య బిడ్డ. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఐదేళ్లు ఇలాంటి మిషన్లు నడిపే పనే చేసి, ఉద్యోగం మానేసి వచ్చింది.

"తలుపు దగ్గరికెయ్యి చిన్నాయినా," అన్నది లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

"ఎవల పనో తెలిసిందా?"

"కూసో. ముందు నేను అడుగుత, తర్వాత నువ్వు అడుగు."

నాగేందర్ కుర్చీ లాక్కున్నాడు. ఈ పిల్ల తనతో ఇట్లా ఎన్నడూ మాట్లాడలేదు. చిన్నప్పుడు దుకాణంలో కందిపప్పు రాశి ఎక్కి జారుతుంటే తను అరిచినా నవ్విందే తప్ప ముఖం తిప్పుకున్న పిల్ల కాదు.

"కంటైనర్ అంటే ఏందని జెప్పిన నీకు?"

"సీలేసిన బస్తా. ఏ గోదాంల ఇప్పినా లోపల అదే సరుకు."

"క్లస్టర్ అంటే?"

"మూడు గోదాములు, అన్నిటికి ఒక్కటే చీటీ. చీటీల ఎన్ని బస్తాలు రాస్తె అన్ని ఉండాలె. ఒకటి పలిగిపోతె ఇంకోటి దానంతటదే వచ్చి కూసుంటది. నువ్వు జెప్పిందే గద, నన్నెందుకు పరీక్ష పెడుతున్నవ్?"

"చీటీల నేను రాసింది ఊరికొక బస్తా. మొత్తం మూడు. ఇప్పుడు సూడు."

స్క్రీన్ మీద నాలుగు గీతలున్నాయి. నాగేందర్‌కు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి. నాలుగో గీత మొదట్లో ఉన్న పేరు మెల్లగా చదివాడు. ముందు వరుస.

"ఇదెవలు పెట్టిండ్రు?"

"నేనైతె పెట్టలే. ఇది ఏడ నడుస్తుందో సూడు. సూర్యాపేట మిషన్‌ల. నీ దుకాణంల."

ఆమె ఏదో కొట్టింది. నాలుగో గీత మాయమైంది. నాగేందర్ ఊపిరి వదిలాడు. వదిలిన ఊపిరి మళ్లీ తీసుకునేలోపు గీత అక్కడే ఉంది. పక్కన దాని వయసు కనిపిస్తోంది, మూడు సెకన్లు.

"చీటీల నుంచే కొట్టేయ్ మరి."

"పొద్దుగాల్నుంచి ఆరుసార్లు కొట్టేసిన. నిమిషం తిరిగేలోపు ఎవలో మళ్ల రాస్తుండ్రు. రాసేది మనిషి కాదు చిన్నాయినా, మనిషైతే ఒక్కసారన్న ఆలస్యం అయితది. ఇంకో మిషన్ ఏదో ఉండి రాస్తున్నది. అది ఏడున్నదో దొరుకుతలేదు."

బయట వేబ్రిడ్జి మీదికి లారీ ఎక్కినట్టుంది. గది నేల సన్నగా అదిరింది.

"ఇంతకు ఈ నాలుగో బస్తాల ఏమున్నది?"

నవనీత లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. "పేర్లు. నాలుగింటికి టోకెన్లు తెరవంగనే, రైతులు ఫోన్ ముట్టకముందే, ఒకటి నుంచి ఆరువందల దాక వీళ్లకు పోతయి. చదువు."

నాగేందర్ కళ్లజోడు సర్దుకున్నాడు. పేరు, ఊరు, పట్టా పాస్‌బుక్ నెంబరు, ఫోన్ నెంబరు. మొదటి పేజీలో తెలిసినవాళ్లు తగల్లేదు. రెండో పేజీలో వాడపల్లి పెద్దయ్య కనిపించాడు. తన దుకాణానికి ఇరవై ఏళ్లు వడ్లు తెచ్చిన మనిషి. ‘మంచిదే, పెద్దయ్యకు నెంబరు దొరికింది’ అని ఒక్క క్షణం అనుకున్నాడు కూడా. ఆ తర్వాత గుర్తొచ్చింది. పెద్దయ్య దినాలకు తను వెళ్లొచ్చాడు. పోయిన ఎండాకాలం.

వేలు గబగబా కదిలింది. లింగమ్మ, నిరుడు దవాఖానలో పోయింది. సోమ్లా, బావిలో మోటరు తీస్తూ పోయాడు. యాదయ్య. నగేష్. తెలిసిన పేరు తగిలిన ప్రతిసారీ ఒక పాడె గుర్తుకొచ్చింది. తెలిసినవాళ్లలో ప్రాణమున్నవాడు ఒక్కడూ తగల్లేదు. ఫోన్ నెంబర్లు మాత్రం అన్నీ బతికే ఉన్నాయి. వాటిలో ధాన్యం బేరగాళ్ల నెంబర్లు రెండు అతనికి చూడకుండానే వచ్చు.

తొమ్మిదో పేజీలో వేలు ఆగింది. ఆ పేరు పైకి చదవలేదు. నవనీత కూడా అటు చూడలేదు.

గోపయ్య.

రెండేళ్ల కింద, టోకెన్లు లేని కాలంలో, నాలుగు మండలాల ట్రాక్టర్లు ఒక్కరోజే మిర్యాలగూడ రోడ్డెక్కాయి. గోపయ్య మూడు రోజులు వరుసలో ఉన్నాడు. మూడో రోజు ఎండకు ఆగలేక తన ట్రాలీ కింద నీడలో పడుకున్నాడు. ముందున్న బండి కదిలిందని వెనకనుంచి ఎవరో అరిచారు, ఎవరో తొందరపడి ట్రాలీని ముందుకు నెట్టారు. నాగేందర్ ఈ రెండేళ్లలో ఆ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నాడో. వరుసలో ఒక్క పద్ధతి ఉంటే ఒక మనిషి మిగిలేవాడు. ‘వరుస’ పుట్టింది ఆ ఒక్క మనిషి లోటు నుంచే. ఊరూరా గోడలకు అంటించిన పోస్టర్ల మీద, మాట తనదని, తన ఫోన్ నెంబరే వేయించాడు. రేపు పద్దెనిమిది వందల మంది రైతులు ఆ మాట మీద బయలుదేరతారు, లేదా ఆ మాట పోయిందని తెలిసి అందరూ ఒకేసారి రోడ్డెక్కుతారు.

"ఇది పెట్టాల్నంటే చీటీ మార్చే తాళం ఉండాలె గద. ఎవల తాళంతోని పెట్టిండ్రు?" అన్నాడు.

"గదే నేను అడుగుదామనుకున్న." నవనీత ఇంకో కిటికీ తెరిచింది. ఒకే పేరు, వరుసగా పన్నెండుసార్లు. అది కూడబలుక్కోనక్కర్లేని పేరు. చెక్కుల మీద ముప్పై ఏళ్లుగా రాస్తున్నదే.

"నీది చిన్నాయినా. నీ తాళం. ఎవలకిచ్చినవ్?"

"ఎవలకియ్యలే."

"జర యాది చేస్కో. పెన్‌డ్రైవ్‌ల పెట్టి ఇచ్చిన. బీరువల పెట్టు, ఏ కంప్యూటర్‌కు పెట్టకు అని జెప్పిన."

"ఇంట్ల బీరువలనే పెట్టిన. మీ చిన్నమ్మ గాజుల పక్కన. ఒక్కసారే బయటికి తీసిన." మాట సగంలో ఆగింది. "దసరాకు."

"దసరాకు ఎందుకు?"

నాగేందర్ గొంతు తగ్గింది. "పూజకు."

నాగేందర్ ఇంటివాళ్లూ, అతని అత్తింటివాళ్లూ ఇరవై ఏళ్లుగా ఆయుధపూజ ఒక్కచోటే చేసుకుంటారు, మధుసూదన్ మిల్లులో. కాంటా రాళ్లు, లారీ తాళాలు, గోదాం తాళాలు, పద్దు పుస్తకాలు అన్నీ పీట మీద పెడతారు. ఒకసారి బొట్టు పెట్టాక తెల్లారేదాకా ఎవరూ ముట్టరు. ముడితే సీజన్ కలిసిరాదని నమ్మకం.

"పెన్‌డ్రైవ్‌ను పూజల పెట్టిండ్రా?" నవనీత నవ్విందో ఏడ్చిందో అర్థం కాలేదు.

"తాళమని నువ్వే అంటివి! అన్ని తాళాలు పెట్టి దీన్ని ఇంట్ల ఇడిశిపెడుతమా? ఈ సాలు అన్నిటికంటే ముఖ్యమైన తాళం గదేనాయె."

"బొట్టు పెట్టిండ్రా?"

"పెట్టినం. కుంకుమ లోపలికి పోతదని కవర్ల పెట్టి, కవర్ మీద పెట్టినం."

"కుంకుమ నుంచి మంచిగ కాపాడినవ్. రాత్రంతా మిల్లుల, ఎవల కావలి లేకుంట." ఆమె కళ్లు మూసుకుంది. "గోదాం తాళం పోతే తెల్లారి తెలుస్తది చిన్నాయినా. దీనికి నకలు తీస్తె పోయినట్టు కూడ తెల్వదు. పెట్టినకాన్నే ఉంటది."

అప్పుడే తలుపు తోసుకుని మధుసూదన్ వచ్చాడు. వెనక ఎవరూ లేరు. చాయ్ గ్లాసులు మూడు ఒకే చేత్తో తనే పట్టుకొచ్చాడు. వందమంది హమాలీలున్న మిల్లు యజమాని తన చేత్తో చాయ్ తెచ్చాడంటే ఈ గదిలో జరిగేది ఇంకొకరు వినకూడదని ఆయనకు ముందే తెలుసునన్నమాట. నాగేందర్ ఆ లెక్క వేసుకున్నాడు.

"తలుపేసుకుని అన్న బిడ్డతోని ముచ్చట పెడుతున్నవా బావా? అన్నం తిన్నవా, లేదా?"

"పీట మీది తాళానికి నకలెవలు తీసిండ్రు బావా?" అన్నాడు నాగేందర్.

మధుసూదన్ గ్లాసులు కింద పెట్టాడు. ఒలకలేదు. "దేవుని ముంగట పెట్టిన వస్తువు నీదేంది, నాదేంది? ఇరువై ఏండ్ల నుంచి నీ లారీ తాళాలు గూడ గాన్నే ఉంటున్నయి. ఎన్నడన్న బండి పోయిందా?"

"నేనడిగిందానికి జవాబు చెప్పు."

"చెప్తున్న. రైతుకు నెంబర్ కావాలె, మిల్లుకు వడ్లు కావాలె. నడిమిట్ల బేరం చేసేటోళ్లు నిన్నమొన్న పుట్టిండ్రా? నువ్వు మాత్రం నడిమిట్ల మనిషివి కాదా? అందరిని తీసి పక్కకు పెడుతనంటే అందరు చేతులు కట్టుకుని కూసుంటరా? పద్దెనిమిది వందలల్ల ఆరువందలు. రెండొంతులు నీ రైతులకే వదిలిపెట్టిండ్రు. పంచుకునేకాడ ఇంతకంటే న్యాయం ఏముంటది?"

"చచ్చిపోయినోళ్ల పేర్ల మీద!"

"బతికున్నోళ్ల పేర్లు పెడితే వాళ్లు అడుగుతరు గద." మధుసూదన్ గొంతు ఏమాత్రం లేవలేదు. "మీ అన్న బతికున్నప్పుడు నెంబర్ దొరకలే బావా. ఇప్పుడన్న దొరికింది."

నవనీత కీబోర్డు మీంచి చేయి తీసేసింది.

నాగేందర్ లేచాడు. కోపంలో కూడా లెక్క తప్పని మనిషి అతను. మిషన్లు మూడు. ఏ మార్పు చేయాలన్నా మూడింటిలో రెండు ఒక్క మాట మీద ఉంటే చాలని నవనీతే చెప్పింది. మళ్లీ మళ్లీ రాస్తున్న దొంగ చేయి ఎక్కడుంటుంది? నకలు తీసిన చోటే ఉంటుంది. ఈ మిల్లులో, ఈ మిషన్‌లో. దీన్ని తీసేస్తే సూర్యాపేట, కోదాడ మిగులుతాయి. రెండు చాలు.

గోడ దగ్గరికి రెండు అడుగులు వేశాడు.

"ఆగు! చిన్నాయినా, దాన్ని ముట్టకు!" నవనీత అరుపుకు గోనెసంచుల మీది దుమ్ము కూడా కదిలినట్టనిపించింది.

అప్పటికే ప్లగ్గు ఊడి అతని చేతిలో ఉంది.

ఫ్యాన్ రొద తగ్గి తగ్గి ఆగిపోయింది. ఇంతసేపూ ఆ రొద ఉందన్న సంగతి ఆగాకే తెలిసింది. నవనీత ఏవో అక్షరాలు కొట్టింది, ఎదురుచూసింది. మళ్లీ కొట్టింది. స్క్రీన్ మీద ఎర్రటి వాక్యం ఒకటి వచ్చి నిలబడింది.

"ఏమైంది?"

"ఖతం. ఇగ దేన్నీ మార్చలేం. కొట్టేసుడు లేదు, రాసుడు లేదు. ఏది నడుస్తున్నదో అదే నడుస్తది. సూర్యాపేటల ఆ నాలుగో బస్తా నడుస్తున్నది."

"రెండున్నయి గద! సూర్యాపేట, కోదాడ!"

నవనీత ముఖం తిప్పుకుంది.

మధుసూదన్ వంగి నాగేందర్ చేతిలోంచి ప్లగ్గు మెల్లగా తీసుకున్నాడు. తీగె చివరిదాకా లాగి మిషన్ నుంచి ఊడదీశాడు. దాన్ని మోచేతికి చుట్టలు చుట్టుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. ముఖంలో కోపం లేదు, దాన్ని ఎక్కడికో తీసుకుపోయే తొందర కూడా లేదు. "నేనేం అడుగుత బావా? ఏం అడగ. నాలుగింటి దాక ఊకె కూసో. చాయ్ సల్లారిపోతది, తాగు."

బేరంలో ఎదుటివాడు ఏదో ఒకటి అడిగితే భయం లేదు, ఆ అడిగినదాన్ని పట్టుకుని గుంజవచ్చు. ఏమీ అక్కర్లేదని చాయ్ పోసేవాణ్ణి ఎక్కడ పట్టుకోవాలో నాగేందర్‌కు మొదటిసారి తెలియలేదు. గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది.

కోదాడకు ఫోన్ కలిపాడు. అక్కడ మిషన్ కార్తీక్ అనే అతని కంప్యూటర్ షాపులో ఉంది. మంచివాడు, అడిగిన దానికి నాలుగు మాటలు ఎక్కువ చెబుతాడు.

"కార్తీక్, మన మిషన్ నడుస్తుందా?"

"నమస్తే బాబాయ్ గారూ. అదీ... మీకు చెప్పొద్దన్నారండీ."

"ఎవలు?"

"నవనీత గారేనండీ. పొద్దున పదింటికి ఫోన్ చేసి ఆపేయమన్నారు. ఆపి, అట్టపెట్టెలో పెట్టి, ఆవిడ చెప్పిన మనిషికి ఇచ్చేశానండీ. ఎవరికీ చెప్పొద్దన్నారు." గొంతు తగ్గించాడు. "ముఖ్యంగా మీకు అన్నారండీ. నేను తప్పు చేశానా బాబాయ్ గారూ?"

నాగేందర్ ఫోన్ పెట్టేశాడు. మధుసూదన్ ఈసారి నిజంగా ముచ్చటపడ్డట్టు నవ్వాడు.

"నీ అన్న బిడ్డ నాకంటే హుషారున్నది బావా."

"ఎందుకు నవనీతా?"

ఆమె లేచి నిలబడింది. "పొద్దుగాల సూసిన. పేరు నీది. నడిచేది నీ దుకాణంల. రెండూ నీ దిక్కే సూపిస్తున్నయి. బాపు పేరు ఆ లిస్టుల సూసినంక నేనెవల్ని నమ్మాలె? కోదాడ దాంట్ల మొదటికెళ్లి ఇప్పటిదాక జరిగిందంతా ఉన్నది. ఎవలన్న తుడుస్తరని తీసి దాచిపెట్టిన. నువ్వు తుడుస్తవని." ఆ చివరి మాట చాలా మెల్లగా అన్నది. "నువ్వయితే ఏం జేస్తుంటివి?"

నాగేందర్ ఆలోచించాడు. తరుగు వచ్చిన బస్తాల మీద తన ముద్రే ఉంటే తను ఏం చేసేవాడు? తన సరుకే ముందు పక్కకు పెట్టించేవాడు. ఈ పిల్ల కూడా అదే చేసింది. గుండెలో గుచ్చుకున్నది గుచ్చుకున్నట్టే ఉంది, కానీ లెక్కలో తప్పు దొరకలేదు.

"ఇప్పుడు దారి ఉన్నదా, లేదా? అది చెప్పు."

"ఒక్కటే ఉన్నది. కోదాడ మిషన్‌ను ఒంటరిగ, కొత్తగ లేపొచ్చు. మిగిలిన రెండిటిని మరిచిపొమ్మని చెప్పి, దొంగ బస్తా ఇంకా పుట్టని నాటి చీటీతోని మొదలుపెడుత. ముప్పావుగంట పడతది. కని ముందుగాల సూర్యాపేట ఆరిపోవాలె. రైతుల ఫోన్లన్ని ఇప్పుడు గాడికే పోతున్నయి. అది ఎలుగుతున్నంతసేపు నేను ఏం లేపినా ఫాయిదా లేదు."

"కోదాడ పెట్టె ఏడున్నది?"

"సూర్యాపేట ఆరినంక చెప్త."

అంటే ముందు తన చేత్తో తన దుకాణం మిషన్ ఆర్పాలి. ఆ తర్వాత ఈ పిల్ల మాట నిలబెట్టుకుంటుందని నమ్మాలి. తనను నమ్మని పిల్లను. ఆమె పెట్టె తెరవకపోయినా, తెరిచింది లేవకపోయినా, నాలుగింటికి పద్దెనిమిది వందల మందిలో ఒక్కడికీ నెంబరు రాదు. రేపు తెల్లారేసరికి నాలుగు మండలాల ట్రాక్టర్లు ఒకేసారి రోడ్డు మీద. మూడు రోజుల వరుస. ట్రాలీల కింద నీడ కోసం పడుకునే మనుషులు. ఆర్పకుండా కూర్చుంటే ఆరువందలు పోయినా పన్నెండు వందల మందికి నెంబర్లు వస్తాయి. మామూలు రోజైతే ఈ బేరం అతను నవ్వుతూ ఒప్పుకునేవాడు.

"పొల్ల మాట ఇని దుకాణం ఆర్పుకుంటవా?" మధుసూదన్ కుర్చీలో ముందుకు జరిగాడు. "పిచ్చి పని చెయ్యకు బావా. పన్నెండొందల మందిని ఆగం చేస్తవా? కావాల్నంటే నాలుగొందలకు తగ్గియ్యమని చెప్త. ఇప్పుడే ఫోన్ కొడుత. మూడొందలు. ఆగు, చెప్పేది ఇను."

ఇంతసేపూ ఏమీ అడగని మనిషి అడగడం మొదలుపెట్టాడు. అడక్కుండానే మూడొందలకు దిగాడు. నాగేందర్‌కు అది చాలు. సూర్యాపేట మిషన్ ఆరితే ఈయనకు ఏదో పోతుంది, అది ఆరువందల టోకెన్ల కంటే పెద్దది.

దుకాణం నెంబరు కొట్టి, నవనీతకు కూడా వినపడేలా స్పీకర్ పెట్టాడు. గుమాస్తాలంతా మార్కెట్ యార్డుకు పోయే వేళ. ఫోన్ ఎత్తింది వెంకటనర్సమ్మ. దుకాణంలో ఊడ్చి తుడిచి కావలి ఉండే ముసలామె.

"అమ్మా, లోపలి గదిల మిషన్ ఉన్నది గద. దాని స్విచ్ తియ్యి."

"ఏ మిషన్దయ్యా? బల్ల మీది దానిదా, బీరువ ఎనుక దానిదా?"

పొద్దున్నుంచి నవనీతకు దొరకని ఆ రాసే మిషన్ తన దుకాణంలోనే ఉందన్నమాట.

"బీరువ ఎనుక మిషన్ ఎక్కడిది?" అన్నాడు నాగేందర్.

"ఏమో నాకేం ఎరుకయ్యా. దసరా తెల్లారి అచ్చింది. నువ్వే పంపినవని చీటీ సూపిచ్చిన్రు. నీ దస్కతే. ముప్పై ఏండ్ల సంది సూస్తున్న, నీ దస్కతు నాకు తెల్వదా?"

నవనీత లాప్‌టాప్ మూసి ఛాతీకి ఆనించుకుంది. అతని వైపు చూసిన చూపులో ఇందాకటి అనుమానం లేదు. అనుమానం నిజమైపోయిన మనిషి చూపు అది. "నీ దస్కతు," అన్నది. "పేరు నీది, దుకాణం నీది, దస్కతు గూడ నీదే." చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది. కోదాడ పెట్టె ఎక్కడుందో తెలిసిన ఒకే ఒక్క మనిషి తలుపు వైపు నడుస్తోంది.

ఆమెను ఆపడానికి ఏ మాట చెప్పినా అబద్ధంలాగే ఉంటుంది. నాగేందర్ ఆమెను వదిలి ఫోన్‌లోకి వంగాడు.

"వెంకటనర్సమ్మా. రెండూ తియ్యి."

"రెండా?"

"రెండూ. ఇప్పుడే."

మధుసూదన్ చేతికి చుట్టుకున్న తీగె జారి కింద పడింది. అవతల ముసలామె చెప్పుల చప్పుడు దూరం పోయింది. టక్కున ఒక స్విచ్. కాసేపటికి బీరువాకు ఏదో రాసుకున్న చప్పుడు, మూలుగు. మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చిన ఆయాసం.

"బల్ల మీదిది ఆరిందయ్యా. బీరువ ఎనుకది ఆరుతలేదు."

"స్విచ్ తియ్యలేదా?"

"స్విచ్ ఏడుందయ్యా? దానికి తీగెనే లేదు. పచ్చలైటు మాత్రం మినుకు మినుకుమంటున్నది. ఇందాక మెల్లగ ఎలుగుతుండె. నేను పెద్దది తీసినసంది జల్దీ జల్దీ ఎలుగుతున్నది."

ఆరిన మిషన్ పని ఇది అందుకుందని అర్థమై, గడప మీద నవనీత కాలు ఆగిపోయింది.